తాత తాగిన రాతి చిప్పలు

పోయిన నెల మా అవ్వ పదకొండో రోజు తంతు ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక, ఆమె మంచం కింది సామాను సర్దుతుంటే మందులు నూరే నల్లరాతి కల్వం ఒకటి చేతికి తగిలింది. ఏళ్ల దుమ్ము పేరుకున్న ఆ కల్వాన్ని పెరట్లోకి ఎత్తుకొచ్చి చెంబెడు నీళ్లు పోశాను. ఎండిన రాయి నీళ్లు పీల్చుకున్నప్పుడు ఒక వాసన వస్తుంది, తొలకరి మట్టివాసనకు దగ్గరగానే ఉంటుంది కానీ దానికన్నా పదునుగా, ముక్కు లోపల గీరినట్టుగా ఉంటుంది. ఆ వాసన తగలగానే నా చేతులు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే వెనక నుంచి రజిత గొంతు వినిపించింది. రజితది మా ఎదురిల్లు; ఏడో తరగతి దాకా నా జంట, ఆ తరువాత ముప్పై అయిదేళ్లుగా ఎదురుపడితే తలూపి పోయే మనిషి.

"దీంట్లనేనా మీ తాతకు నూరిపోసింది?" అంది. "మీ తాత ఇంకో తొమ్మిదేండ్లు బతికిండు. మా నాయినకు ఒక్క రాయి, ఒక్కటంటే ఒక్కటి ఇయ్యకపోతివి గదనే సులోచనా."

ఆ మాటలో కోపం లేదు. కూరగాయల ధర అడిగినంత మామూలుగా అంది. ఇన్నేళ్లూ ఆమె నాతో మాట్లాడకపోవడానికి వేరే కారణం ఉందనుకున్నాను.

ఈ సంగతి రాసిపెట్టక తప్పదని ఆ రోజే అనిపించింది. హిమాలయాల రాళ్లు తాగి మా తాత రాజమల్లు టీబీ నుంచి లేచాడని మా వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పోయినేడు కూడా ఒకాయన దగ్గుతూ మా గడప దగ్గరికి వచ్చి, రాళ్లేమైనా మిగిలాయా అని అడిగాడు. ఆ రాళ్లేమిటో, మా తాత ఎలా బతికాడో, రజిత నాయన వీరస్వామి ఎందుకు పోయాడో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. నేను పిసినారితనంతో ఒక మనిషి ప్రాణం పోనిచ్చానని రజిత నమ్మింది. నేను చేసిన తప్పు అది కాదు. దానికన్నా పెద్దది.

మాది వరంగల్లులో నేతవాడ. తెల్లవారితే ఇంటింటా మగ్గం చప్పుడు, ఒక ఇంటి చప్పుడు ఆగితే పక్కింటి చప్పుడు అందుకునేది, రెండూ ఆగితే ఎవరింట్లోనో ఏదో జరిగిందని గ్రహించేవాళ్లం. వానాకాలంలో పడుగు ఆరక గంజి పులిసిన వాసన వీధంతా పట్టుకునేది. చలికాలంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న తాత పక్కన చేరితే ఆ గుంటలోంచి వెచ్చటి ఆవిరి వచ్చేది. సద్దుల బతుకమ్మ నాడు అవ్వ నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పెరుగు సద్ది కలిపి అరటాకుల్లో మూటలు కడితే, ఆ మూటల మీద ఈగ వాలకుండా నేనూ రజితా చెరో పక్క కూర్చుని విసిరేవాళ్లం, విసురుతూ విసురుతూ మూటల మూలలు విప్పి తినేవాళ్లం. మాఘం వచ్చిందంటే ఎనుమాముల మార్కెట్టుకు మిరపకాయ బస్తాల లారీలు వరసకట్టేవి. గాలి మా వైపు తిరిగిన రోజు వాడ వాడంతా తుమ్మేది. మా తాత మాత్రం తుమ్మడు, దగ్గుతాడు. దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని, ఒక చేత్తో, పోగును అటూ ఇటూ తోసే నాడె పట్టుకునే దగ్గుతాడు. పత్తి దుమ్ములో నలభై ఏళ్లు కూర్చున్న మగవాళ్లందరూ దగ్గేవాళ్లే కాబట్టి అది మాకు మగ్గం చప్పుడులాంటిదే అయిపోయింది.

బాపు షోలాపూర్ మిల్లుల్లో పని చేసేవాడు, పండుగలకు వచ్చేవాడు. ఇంట్లో తాత, అవ్వ, అమ్మ, నేను. అమ్మ తమ్ముడు సదయ్య మామ హిమాలయాల్లో, స్పితి అనే లోయలో కొండను కోసి రోడ్డు వేసేచోట రోలరు నడిపేవాడు. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు, దసరాకు ఆపిల్ పండ్లు తెస్తానని ఉత్తరం రాశాడు. వీధి పిల్లలందరికీ నేను ముందే పంచిపెట్టినంత పని చేశాను. మామ దిగాడు, భుజాన ఖాకీ సంచి, ఆ బరువుకు ఒక పక్కకు వంగిపోయి ఉన్నాడు. సంచి బోర్లిస్తే గలగలమని రాళ్లు.

"పండ్లు తెత్తడని నోరు తెరుసుకోని కూసుంటె రాళ్లు మోసుకొచ్చిండు పిల్లగాడు!" అంది అవ్వ నెత్తి కొట్టుకుంటూ. "మన ఓరుగల్లుల రాళ్లు కరువైనయా సదయ్యా?"

"పండ్లు రైల్లనే కుళ్లినయత్తమ్మా. ఇవి ఎన్నేండ్లైనా కుళ్లయి" అన్నాడు మామ.

ఇరవై ఆరు రాళ్లు. చిన్నవి పోకవక్కంత, పెద్దవి నిమ్మకాయంత. నీలం కలిసిన బూడిద రంగు. కొన్ని గుండ్రంగా, కొన్ని రెక్కలు చాపిన పిట్టలా రెండు పక్కలకూ సాగి ఉన్నాయి. ప్రతిదాని మీదా కుచ్చిళ్లు పెట్టిన చీరలా సన్నటి గీతలు, నడిమధ్యన ఒక పల్లం. తిప్పి చూస్తే అవతలి వైపు అదే చోట ఒక మిట్ట. కొండను పేల్చినచోట రాతి పొరల్లో ఇలాంటివి పోగులు పోగులుగా పడి ఉంటాయని, తిండి వేళ ఏరుకున్నానని మామ చెప్పాడు. తాత మగ్గం దిగి వచ్చి, పోగులు లెక్కపెట్టడానికి మొలలో దాచుకునే చిన్న భూతద్దం తీసి, ఒక రాయిని చాలాసేపు చూశాడు.

"దీన్ని ఎవడు నేసిండే బిడ్డా?" అన్నాడు.

మా వాడ చివర చిన్న గ్రంథాలయం ఉండేది. ఇప్పటికీ నేను నేర్చుకున్నదేదైనా ఉంటే అక్కడ నేర్చుకున్నదే. పదో తరగతితో బడి ఆగిపోయింది కానీ ఆ గది ఆగలేదు. గ్రంథపాలకుడు రామచంద్రం సారు పిల్లలను బీరువాల దగ్గరికి రానిచ్చేవాడు, అదొక్కటి చాలు. ఒక రాయిని లంగా మూలలో కట్టుకుని వెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటి, రంగుల బొమ్మలున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దించాడు. మూడు సాయంత్రాలు వెతికాం. మూడో సాయంత్రం ఒక పేజీలో నా రాయి కనబడింది. అచ్చం అదే రెక్క, అదే పల్లం. సారు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివి చెప్పాడు. అది రాయి కాదు. సముద్రం అడుగున బతికిన ప్రాణి చిప్ప. బ్రాకియోపాడ్ అంటారు. డెవోనియన్ యుగం నాటిది, దాదాపు నలభై కోట్ల ఏళ్ల కిందటిది, రాక్షసబల్లులు ఇంకా పుట్టని కాలం. హిమాలయాలు అప్పటికి కొండలు కావు, నీళ్లు. ప్రాణి రాయిగా మారితే దాన్ని శిలాజం అంటారని తెలుగు పుస్తకంలో ఉంది. శిలాజం, శిలాజం అనుకుంటూ ఇంటిదాకా పరుగెత్తాను. నలభై కోట్ల ఏళ్లను లంగా మూలలో మూటగట్టుకుని మోశాను.

అప్పటి నుంచి మా ఇంట్లో కొత్త పని మొదలైంది. ఒక్కో రాయికి సుద్దతో నంబరు వేశాను. పుస్తకంలోని బొమ్మలను పలచటి కాగితం పెట్టి దించుకొచ్చి, రాళ్ల పక్కన పెట్టి పోల్చడం. ఒక వాక్యం మాత్రం నాకూ సారుకూ ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు. ఆల్చిప్పకు రెండు చిప్పలూ కవల పిల్లల్లా ఒకటే తీరుగా ఉంటాయట, కానీ ఏ చిప్పనైనా నడిమికి కోస్తే రెండు సగాలూ సమానం కావట. బ్రాకియోపాడ్‌కు దీనికి సరిగ్గా తలకిందులట. మా మేనత్త ఊరు హసన్‌పర్తి చెరువు నుంచి తెచ్చిన ఆల్చిప్ప ఒకటి ఇంట్లో ఉండేది, మామిడికాయ చెక్కు తీయడానికి. అదీ రాయీ రెండూ తీసుకెళ్లి తాత ముందు పెట్టి ఆ వాక్యం చదివాను. తాత డిజైను గళ్ల కాగితం మీద రెండింటినీ పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, కాగితాన్ని నిలువుగా మడిచాడు. రాయి గీత మీద గీత వచ్చింది. ఆల్చిప్ప గీత పక్కకు పోయింది.

"గింతేనానే? దీన్ని సగం గీస్తె సాలు, అద్దం పెట్టినట్టు మిగిలిన సగం అదే వత్తది. జంపఖానా మీద పువ్వును మేం గట్లనే గీస్తం. ఆల్చిప్పకు మొత్తం గీయాలె."

పుస్తకం చెప్పలేని దాన్ని అక్షరం రాని మా తాత ఒక్క మడతతో చెప్పేశాడు. మరునాడు రామచంద్రం సారుకు చూపిస్తే ఆయన ఆ కాగితాన్ని పుస్తకంలో ఆ పేజీ దగ్గరే పెట్టేశాడు.

ఆ చలికాలమంతా మధ్యాహ్నం తిన్నాక తాత, నేను, రజిత రాళ్ల చుట్టూ కూర్చునేవాళ్లం. తాత భూతద్దంతో పల్లానికి అటూ ఇటూ గీతలు లెక్కపెట్టేవాడు, అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టినట్టే, నేను రాసుకునేదాన్ని, రజిత రాళ్లు అందించేది. గీతల లెక్కను బట్టి, రెక్కల పొడవును బట్టి వాటిని నాలుగు జాతులుగా విడదీశాం. పదకొండో నంబరు రాయి మీద ఎడమ పక్క మూడో గీత కొస దగ్గర రెండుగా చీలింది. "ఇక్కడ పోగు తెగింది, అతుకు ఏసిండు" అని తాత నవ్వాడు. పుస్తకంలో ఏ బొమ్మకూ అలా లేదు. మాకు మాత్రమే దొరికిందని ముగ్గురం పొంగిపోయాం.

ఇక నా మాట సంగతి. చేతిపంపు దగ్గర ఒక ఉదయం రజిత వాళ్లమ్మ కొమురమ్మ బిందె దించుతూ అడిగింది: "ఏందే పోరీ, మీ మామ ఏవో రాళ్లు తెచ్చిండట. ఏం రాళ్లే అవి?"

"రాళ్లు కాదత్తా, శిలాజాలు" అన్నాను.

"ఏందీ, శిలాజిత్తా? హిమాలయాల శిలాజిత్తా?"

ఆ మాట నేను అంతకుముందు వినలేదు. మా వాడలో స్టేషన్ను టేషన్ అంటారు, లైబ్రరీని లైబ్రేలి అంటారు. శిలాజాన్ని శిలాజిత్తు అంటారు కాబోలనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, నవ్వి, "ఆఁ, అదే. అసలు పేరు శిలాజం" అన్నాను. కొమురమ్మ బిందె అక్కడే వదిలి మా ఇంటివైపు చూసింది. పంపు దగ్గరున్న ఆడవాళ్లందరూ నావైపు తిరిగారు. హిమాలయాల్లో రాళ్లు కారితే వచ్చే గొప్ప మందు శిలాజిత్తు అని, ముసలివాళ్లను కూడా లేపి నిలబెడుతుందని, బస్టాండు దగ్గర డేరా వేసుకుని వేళ్లూ నూనెలూ అమ్మేవాళ్లు చెబితే వాళ్లందరూ విని ఉన్నారు. నేను విననిదల్లా అదొక్కటే. వాళ్లు నన్ను చూసిన చూపు నా చదువుకు ఇచ్చిన గౌరవమే అనుకుని, నీళ్ల బిందె ఎత్తుకుని గర్వంగా నడిచొచ్చాను.

మాఘంలో మిరప లారీలు మొదలైన వారానికే తాత దుప్పటి మీద నెత్తురు పడింది. అమ్మా నేనూ పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. టీబీ అన్నారు. నెలకు సరిపడా గోలీలు ఇచ్చి, ఒక్కరోజు కూడా ఆపొద్దని మేరమ్మ సిస్టరు మరీ మరీ చెప్పింది. నేను గోడ మీద ఊపిరితిత్తుల బొమ్మ చూస్తుండగా ఆమె తాత చెవిలో ఇంకేదో చెప్పింది. అది ఏమిటో తరువాత తెలిసింది: ఆ గోలీలకు మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని. తాత ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అలాంటి విషయాలు భార్యతో చెప్పుకునే మనిషి కాదు.

నెల తిరగకముందే నా రాళ్లు తగ్గడం మొదలైంది. మొదట నాలుగో నంబరు, తరువాత తొమ్మిది, ఒక వారం పోయాక ఇంకో రెండు. రోజూ మా ఇంటికి వచ్చేది, రాళ్ల డబ్బా ముట్టేది రజిత ఒక్కతే. చేతిపంపు దగ్గర, అందరి ముందు, నేను దాని జబ్బ పట్టుకుని, "దొంగదానా, నా శిలాజాలు ఇయ్యి" అని అరిచాను.

"నీ రాళ్లు నాకెందుకే? మా ఇంట్ల ఉప్పురాయికే దిక్కు లేదు, నీ సముద్రపు రాళ్లు ఏం జేసుకోవాలె?" అంది రజిత. అంటూనే ఏడ్చింది. నేను నమ్మలేదు. నా దగ్గర లెక్కల పుస్తకం ఉంది, నంబర్లున్నాయి, తప్పిపోయినవేవో రాసి ఉంది. అంత చదువు పెట్టుకుని నేనెలా పొరబడతానని అనుకున్నాను.

తరువాతి ఆదివారం రాళ్ల మీద చెరిగిపోయిన నంబర్లు మళ్లీ వేయడానికి సుద్దముక్క నూరుదామని అవ్వ కల్వం తీశాను. పొత్రం అంచుకు తెల్లటి పొడి పట్టి ఉంది. కల్వం గుంట అడుగున గోరంత పెంకు ఒకటి ఇరుక్కుని ఉంది. పుల్లతో పెకిలించి తాత భూతద్దం కింద పెట్టాను. గీతలు. ఎడమ పక్క మూడో గీత కొస దగ్గర రెండుగా చీలింది.

పదకొండో నంబరు. పరుగున వెళ్లి డబ్బా తెరిచాను. పదకొండు లేదు. రజిత రావడం మానేశాక కూడా తగ్గుతూ వచ్చి, ఇరవై ఆరులో పదిహేడే మిగిలాయి. వంటింట్లో పసుపు డబ్బా పక్కన, ఎత్తుగా, ఎవరికీ అందకుండా పెట్టిన కాగితం పొట్లం ఉంటే స్టూలెక్కి దించాను. అందులో దవాఖాన గోలీలు. మొదటి వారానివి తప్ప అన్నీ ఉన్నాయి. అవ్వ రోజూ పొద్దున్నే తాతకు పాలల్లో కలిపి ఇచ్చే తెల్లపొడి డాక్టరు మార్చి ఇచ్చిన మందు అనుకున్నాను. ఆమె అలాగే చెప్పింది.

మరునాడు గోలీలు తెచ్చుకునే రోజు. తాతతో కలిసి దవాఖానకు వెళ్లి, పాత పొట్లం మేరమ్మ సిస్టరు బల్ల మీద పెట్టి మొత్తం చెప్పేశాను. సిస్టరు కుర్చీలోంచి లేచింది. "రాయి తాగిపించిండ్రా! మూడు వారాలు మందు లేకుండ ఉంచిండ్రా! నడుమల ఆపితే రోగం మొండికి పడతది తెల్సా, తర్వాత ఏ గోలీకీ లొంగదు" అని కేకలేసింది. తాత తల వంచుకుని నిలబడ్డాడు. బయట వరండాలో కూర్చున్నాక నేను ఏడుస్తూ, నీకు తెలియకుండా అవ్వ ఎంత పని చేసిందో చూడు తాతా అన్నాను.

"నాకెరుకే బిడ్డా" అన్నాడు.

నేను ఏడుపు ఆపి ఆయన ముఖం చూశాను.

"నలభై ఏండ్లు పోగులు లెక్కవెట్టిన. పంటి కింద ఏం పడ్డదో ఎరుకలేదా? ఎర్రగ వచ్చుడు సూసి మీ అవ్వ జడుసుకున్నది. గోలీలు నెత్తురు తీత్తానయనుకున్నది. మన శిలాజిత్తు ఉండంగ గీ గోలీలెందుకన్నది. తెల్లారకముందే లేచి నూరుతాంది. ఆ సప్పుడు ఇనుకుంట పండుకుంటాన. వద్దని ఎట్ల జెప్పాలె? ఆ గోలీలకు కడుపుల దేవుతాండె గూడ. నాకూ జర సులువే అయింది."

ఏం తాగుతున్నాడో తెలిసే తాగాడు. నాతో కూర్చుని గీతలు లెక్కపెట్టిన రాళ్లనే, అవి ఏ మందూ కావని తెలిసే తాగాడు. నాకు ఆ రోజు తగిలిన దెబ్బ మాటల్లో పెట్టలేను. అవ్వది అజ్ఞానం, కొమురమ్మది పొరబాటు, మరి ఈయనది? శిలాజిత్తు అన్న మాటకు ఆఁ అన్నది నేనే అని అప్పుడు చెప్పాను. తాత నా తల మీద చెయ్యి పెట్టి, ఇకమీదట గోలీలు మింగుతానని, రోజూ వచ్చి సిస్టరు ఎదుటనే మింగుతానని ఒప్పుకున్నాడు. ఒక్క షరతు.

"మీ అవ్వకు చెప్పకు. తన చేతులతోని నన్ను సంపబోయిన్నని తెలిస్తె అది బతకది. అది ఉన్నన్ని దినాలు చెప్పకు. ఎవ్వలకు చెప్పకు, చెప్తె దాని చెవుల పడతది."

మాట ఇచ్చాను. రాళ్లు అయిపోయాయని అవ్వతో చెప్పాం. రాళ్ల మందు పనిచేసిందని డాక్టరే అన్నాడని, పట్టిన గుణం జారిపోకుండా ఇక గోలీలు వాడాలన్నాడని, ఎర్రగా వచ్చేది రాళ్ల వేడేనని చెప్పాం. అవ్వ తృప్తిగా తలూపింది. మిగిలిన పదిహేడు రాళ్లను రామచంద్రం సారుకు ఇచ్చేశాను. ఎండాకాలం పోయి వానలు పట్టి మళ్లీ దసరా వచ్చేసరికి తాత దగ్గు తగ్గింది, ఒళ్లు తేరుకుంది, మగ్గం ఎక్కాడు. మా ఇంటి చప్పుడు వీధికి మళ్లీ వినబడిన రోజున అవ్వ గడపలో నిలబడి, "మా సదయ్య తెచ్చిన రాళ్లే బతికిచ్చినయి" అని పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ చెప్పింది. నేను లోపల నూలు కండెలు చుడుతూ విన్నాను.

అంతకు ముందు, వైశాఖంలో, తాత ముఖం కాస్త తేటపడుతున్న రోజుల్లోనే, ఒక సాయంత్రం రజిత వచ్చింది. దొంగ అన్నాక మా గడప తొక్కడం అదే మొదలు. లోపలికి రాలేదు, గోడకు ఆనుకుని నిలబడింది.

"మా నాయినకు గూడ నెత్తురు వడ్తాంది. ఒక్కటి ఇయ్యవానే?"

"అయిపోయినయి."

"సరస్వతమ్మ మీద ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. దవాఖానకు తీసుకుపొండి అనే మాట నోటిదాకా వచ్చింది. అంటే, మీ తాతకు రాళ్లు కదా అంటుంది. అప్పుడు మొత్తం చెప్పాలి. చెబితే అవ్వ చెవిన పడుతుంది. ఆపేశాను. దొంగ అన్నందుకు తప్పయిందని కూడా అనలేదు. అదీ చెబితే దొంగ ఎవరో చెప్పాలి కదా. మొదటి వానలకు వీరస్వామి పోయాడు. వాళ్ల మగ్గం చప్పుడు ఆగితే ఈసారి ఎవరూ ఎందుకని అడగలేదు.

ఇదంతా పోయిన నెల, తడిసిన కల్వం పక్కన ఇద్దరం అరుగు మీద కూర్చుని ఉండగా, ఒక్కమాట దాచకుండా రజితకు చెప్పాను. అయిపోయాక ఆమె అంది:

"నాయిన దినాలు అయినంక లైబ్రేలికి పోయిన. అద్దాల బీరువల ఉన్నయి. పదిహేడు లెక్కవెట్టిన. కింద నీ పేరున్నది."

ఆ చీటీలు నేనే రాశాను. బ్రాకియోపాడ్, డెవోనియన్ యుగం, సేకరించినది సులోచన. పేరు కనబడేలా పెట్టమని సారును బతిమాలింది కూడా నేనే. నా ఒట్టు అబద్ధమని ఆమెకు ముప్పై అయిదేళ్లుగా తెలుసు.

"నాయిన దవాఖానకు పోనే పోలే" అంది రజిత. "రాజమల్లు మామకు తగ్గుతాంది గద, ఆ రాయి దొరుకుతది తియ్యన్నడు. రోజు పొద్దుగాల నన్ను అడుగుడే. అడిగినవా బిడ్డా, ఇచ్చిందా బిడ్డా అని. నేను రేపు అడుగుత, రేపు అడుగుత అని చెప్పిన. నువ్వు అయిపోయినయన్నంక గూడ గట్లనే చెప్పిన. లేవంటే గుండె ఆగుతదని."

తనలో తాను లెక్క సరిచూసుకున్నట్టుగా అంది: "అయితె నువ్వు రాయి ఇయ్యకపోవుడు కాదన్నట్టు. మాట చెప్పకపోవుడు."

అవును అన్నాను.

లేచి చీర దులుపుకుంది. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "రాయి" అంది.

ఏ రాయి అని అడిగాను. నా దగ్గర ఇప్పుడు ఒక్కటి కూడా లేదు, ఏం ఇవ్వను?

"కాయితం మీద రాయి. మొత్తం రాయి. మా నాయిన పేరు వెట్టి రాయి. ఎవడన్న దగ్గుకుంట వచ్చి రాళ్లడిగితె అది సదివి ఇనిపియ్యి."

రాశాను. మా వాడలో ఇప్పుడు మగ్గం గుంటలు పూడ్చి పైన గచ్చు చేశారు; ఏ ఇంట్లో చప్పుడు ఆగిందో తెలుసుకునే దారి లేదు. గ్రంథాలయం వేరే చోటికి మారినప్పుడు అద్దాల బీరువా ఏమైందో, పదిహేడు చిప్పలు ఎక్కడికి పోయాయో ఎంత వెతికినా తెలియలేదు. నలభై కోట్ల ఏళ్లు చెదరకుండా నిలిచినవి మా చేతుల్లోకి వచ్చి ఒక్క మనిషి ఆయుష్షు తీరేలోపు మాయమయ్యాయి.

ఈ రాత పూర్తి కావడానికి సాయపడినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. స్పితి లోయలో ఆ కొండ ఎలా ఉండేదో ఫోనులో ఓపిగ్గా చెప్పిన సదయ్య మామకు. పుస్తకం పేజీలు జ్ఞాపకం మీద చెప్పిన రామచంద్రం సారుకు. కేకలేసి మా తాతను బతికించిన, ఇప్పుడు లేని మేరమ్మ సిస్టరుకు. పెనిమిటి పేరు రాయడానికి ఒప్పుకున్న కొమురమ్మత్తకు. వద్దని చెప్పలేక తాగిన మా తాత రాజమల్లుకు, తెల్లారకముందే లేచి నూరిన మా అవ్వ నర్సవ్వకు. రాయి కోసం రోజూ పొద్దున అడిగిన వీరస్వామి మామకు. అందరికన్నా రజితకు. ప్రతి కాగితం చదివి, నెలలు తప్పు రాసినచోట దిద్దింది. ఒకచోట నేను, అప్పటికి నాకు పన్నెండేళ్లే, ఏం తెలుసు అని రాసుకున్నాను. ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన పెన్సిలుతో, నాకూ పన్నెండేండ్లే అని రాసి ఇచ్చింది. ఆ వాక్యం తీసేశాను.